దారిలో ఏమరుపాటు – ప్రాణమనే అమానత్

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన మనకు ప్రాణం పోశాడు. చూపునిచ్చాడు, వినికిడినిచ్చాడు, మేలుకీడుల విచక్షణనిచ్చాడు. మనం ఆయననే స్తుతిస్తాము, ఆయన సహాయాన్నే అర్థిస్తాము, ఆయననే క్షమాభిక్ష వేడుకుంటాము. అల్లాహ్ తప్ప వేరే ఆరాధ్యుడు లేడనీ, ముహమ్మద్ (సఅసం) ఆయన దాసుడూ, ప్రవక్తా అనీ సాక్ష్యమిస్తాము. ఆ మహనీయునిపై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కురియుగాక! అమ్మా బఅద్.

ధార్మిక సోదరులారా! ముందుగా నాకూ, ఆ తరువాత మీకూ అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందని ఉపదేశిస్తున్నాను. భయభక్తులంటే ఏమిటి? దీనిని గురించి తఫ్సీర్ ఇబ్నె కసీర్‌లో ఒక ఉల్లేఖనం ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) ఒకసారి హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి)ను తఖ్వా అంటే ఏమిటని అడిగారు. ముళ్ళు నిండిన దారిలో మీరెప్పుడైనా నడిచారా అని ఆయన ఎదురు ప్రశ్నించారు. నడిచానని ఉమర్ (రజి) బదులిచ్చారు. అప్పుడేం చేశారని అడిగితే, బట్టలు పైకి దోపుకుని జాగ్రత్తగా అడుగులు వేశానన్నారు. తఖ్వా అంటే అదేనని ఉబై (రజి) తేల్చి చెప్పారు.

సోదరులారా, ఈ నిర్వచనంలోని సూక్ష్మాన్ని గమనించండి. దారిలో ముళ్ళున్నాయని తెలిసినవాడు ముళ్ళను తిట్టుకుంటూ నిలబడడు. అసలు ముళ్ళే లేవన్నట్లు పరుగులూ తీయడు. చూసి అడుగు వేస్తాడు. నేటి ఖుత్బాలో మనం ప్రతిరోజూ ప్రయాణించే దారిని గురించి, ఆ దారిలోని ముళ్ళను గురించి మాట్లాడదలచాను. మన ఇండ్లలో దాదాపు ప్రతి ఇంటి ముందూ ఒక మోటారు సైకిలో, స్కూటరో ఉంది. ప్రతి ఉదయం ఎవరో ఒకరు దానిపై బయలుదేరతారు. వారు తిరిగి వచ్చేదాకా ఇంట్లో ఒక తల్లి మనసు గుమ్మం దగ్గరే ఉంటుంది.

తలుపు తెరుచుకున్న క్షణం

కొద్ది వారాల క్రితం అస్ర్ నమాజు తరువాత నేను మెట్టుగూడ నుంచి తార్నాక వైపు బండి మీద వెళుతున్నాను. రోడ్డు పక్కన ఆగి ఉన్న ఒక కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. తెరిచిన వ్యక్తి వెనక్కి చూడలేదు, ఫోనులో మాట్లాడుతున్నాడు. గట్టిగా బ్రేకు నొక్కాను. బండి కొంత జారి, తలుపు అంచుకు జానెడు దూరంలో ఆగింది. ఆ సోదరుడు బిత్తరపోయి, మీరు కనిపించలేదండీ, క్షమించండి అన్నాడు. అల్‌హమ్దులిల్లాహ్, నాకు ఒక గీత కూడా పడలేదు.

కాని ఇంటికి చేరాక నాలో ఒక ప్రశ్న మొదలైంది. అతను నన్ను చూడలేదు, నిజమే. మరి నేను అతన్ని చూశానా? ఆ కారు అప్పుడే ఆగింది, దాని వెనుక ఎర్ర దీపం అప్పుడే ఆరింది. లోపల ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఇవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. కాని నా మనసు రాబోయే శుక్రవారం చెప్పవలసిన ప్రసంగం మీద ఉంది. పైగా ఆగి ఉన్న కార్లకు మూరెడు దూరంలోనే బండి నడుపుతున్నాను. ఏమరుపాటు ఇద్దరిదీ. కాని పగిలేది అతని తల కాదు, నాది. చట్టం అతన్నే తప్పుపట్టవచ్చు. ఆ తీర్పు నా పిల్లలకు నన్ను తిరిగి తెచ్చి ఇవ్వదు. ఈ ఖుత్బా ఆ రోజే నా మనసులో రూపుదిద్దుకుంది.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలోని రహదారులపై 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. ఇవి అంకెలు మాత్రమే కావు. ఒక్కొక్క అంకె వెనుక ఒక జనాజా గానీ, ఒక అంతిమయాత్ర గానీ ఉంది, ఒక అనాథ బిడ్డ ఉంది, ఇంకా తీరని ఒక అప్పు ఉంది.

గఫ్లత్ – చూస్తూ చూడకపోవడం

సోదరులారా! దివ్య ఖుర్ఆన్ మాటిమాటికీ హెచ్చరించిన మానసిక రోగాలలో గఫ్లత్ ఒకటి. గఫ్లత్ అంటే ఏమరుపాటు. కళ్ళుండీ చూడకపోవడం, చెవులుండీ వినకపోవడం. సూరా అల్ ఆరాఫ్ 179వ ఆయతులో అల్లాహ్ అటువంటి వారిని పశువులతో పోల్చి, వారు వాటికంటే కూడా దారి తప్పినవారని తెలిపాడు. ఆ ఆయతు సత్యాన్ని గ్రహించనివారి గురించి అవతరించింది. అయితే ఏమరుపాటు అలవాటైన మనసు నమాజులోనూ ఏమరుతుంది, రహదారిలోనూ ఏమరుతుంది. రెండు చోట్లా శరీరం మాత్రమే హాజరై ఉంటుంది.

రోడ్డు మీద గఫ్లత్‌కు నేడు ఒక కొత్త పరికరం తోడైంది. అది మన చేతిలోని ఫోను. వాహనం నడుపుతూ ఫోను వాడేవారు ప్రమాదానికి గురయ్యే అవకాశం సుమారు నాలుగు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లెక్క కట్టి చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం ఒక్క సెకనులో 16 మీటర్లకు పైగా సాగిపోతుంది. ఫోనులో ఒక సందేశం వైపు రెండు సెకన్లు చూసినవాడు 33 మీటర్ల దూరం కళ్ళు మూసుకుని నడిపినట్టే. మన మసీదు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఎంత దూరమో చూసుకోండి, అంతకంటే ఎక్కువే అవుతుంది.

అలా నడిపేవాడు మన శత్రువు కాడు, మనల్ని చంపాలని ఇంటి నుంచి బయలుదేరలేదు. ఇక్కడ ఒక సున్నితమైన విషయాన్ని అర్థం చేసుకోవాలి. తోటి మనిషి పట్ల సదభిప్రాయం కలిగి ఉండటం మన ధర్మం. సూరా అల్ హుజురాత్‌లో అల్లాహ్ అనవసర అనుమానాలను వారించాడు. కాబట్టి అతని ఉద్దేశం పట్ల మంచి అభిప్రాయమే ఉంచుకుందాం. కాని అతని శ్రద్ధ మీద మాత్రం మన ప్రాణాన్ని పందెం కాయరాదు. అతను చెడ్డవాడు కాడని నమ్మవచ్చు. అతను నన్ను చూశాడని నమ్మనక్కర లేదు. బండి నడిపే ప్రతి విశ్వాసీ మనసులో రాసుకోవలసిన మాట ఇది: నేను అతని కంటికి కనిపించడం లేదు అనుకునే నడపాలి.

ఒంటెను కట్టేయడం

మరణ ఘడియ ముందే రాసిపెట్టి ఉంది కదా, హెల్మెట్టుతో ఆగుతుందా అని కొందరు యువకులు అంటూ ఉంటారు. విధివ్రాతపై నమ్మకం మన విశ్వాసంలో భాగమే. కాని ఆ నమ్మకాన్ని మనకు నేర్పిన ప్రవక్త (సఅసం) ఎలా జీవించారో చూద్దాం. ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక వదిలేసి భారం వేయాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు కట్టమనీ, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమనీ ఆయన బోధించారు. ఇది తిర్మిజీలోని హదీసు. ఉహుద్ యుద్ధంలో ఆయన రెండు కవచాలు ఒకదానిపై ఒకటి ధరించారు. ఈ సంగతి అబూ దావూద్ గ్రంథంలో ఉంది. హిజ్రీ 8వ సంవత్సరంలో మక్కాను జయించిన రోజున ఆయన నగరంలోకి ప్రవేశించినప్పుడు శిరస్సుపై శిరస్త్రాణం ఉందని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించగా బుఖారీలో నమోదైంది.

ఆలోచించండి! విజయాన్ని అల్లాహ్ స్వయంగా వాగ్దానం చేసిన రోజు అది. ఆ రోజున కూడా దైవప్రవక్త (సఅసం) తలకు రక్షణ ధరించారు. ఏ వాగ్దానమూ లేని మనం హెల్మెట్టును అద్దానికి తగిలించుకుని, పోలీసులు కనబడగానే నెత్తిన పెట్టుకుంటున్నాం. అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ కంటే కెమెరా చూస్తున్నదన్న స్పృహే మనలో బలంగా ఉందా?

ప్రాణం మన సొత్తు కాదు, అల్లాహ్ అప్పగించిన అమానత్. మన చేతులారా మనల్ని వినాశంలో పడవేసుకోరాదని సూరా అల్ బఖర 195వ ఆయతులో ఆయన ఆదేశించాడు. ఎదురుగా ముప్పు పొంచి ఉందని తెలిసీ జాగ్రత్త పడకపోవడం తవక్కుల్ కాదు, అది అమానత్‌లో ఖియానత్.

మెట్టుగూడ నుంచి తార్నాక దాకా

ఇక ఈ ఒంటెను ఎలా కట్టాలో మన దారినే ఉదాహరణగా తీసుకుని చూద్దాం. సికింద్రాబాద్ వైపు నుంచి మెట్టుగూడ, తార్నాక, హబ్సిగూడ మీదుగా ఉప్పల్‌కు పోయే రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. 2017 నవంబరు చివర మెట్రో రైళ్ళు మొదలైనప్పటి నుంచి స్టేషన్ల కింద ఆటోలు, కార్లు, బస్సులు, దిగి వచ్చే ప్రయాణికులు ఒకేచోట చేరుతున్నారు. మెట్టుగూడలోనూ, తార్నాకలోనూ సాయంకాలం ఈ రద్దీని మనం రోజూ చూస్తూనే ఉన్నాం. ఇక్కడ ఏమరుపాటు ఏయే రూపాల్లో ఎదురవుతుందో తెలుసుకుని ఉండటం ప్రతి ఒక్కరికీ అవసరం.

మొదటిది, స్తంభం చాటు. రోడ్డు మధ్య విభాగిని తెగి ఉన్నచోట వాహనాలు యూ టర్ను తీసుకుంటాయి. తిరుగుతున్న కారు డ్రైవరుకు మనం స్తంభం వెనుక దాగి ఉంటాం. మనకూ అతను కనిపించడు. అటువంటి చోటు రాకముందే వేగం తగ్గించి, బ్రేకు మీద వేళ్ళు ఆన్చి ఉంచాలి. స్తంభం వెనుక నుంచి ఒక మనిషి రోడ్డు దాటుతూ రావచ్చనీ అనుకోవాలి.

రెండవది, బస్సు పక్క. సిటీ బస్సు స్టాపులో ఆగడానికి ఎడమకు వస్తుంది. బస్సుకూ కాలిబాటకూ మధ్య ఉన్న సందులోకి దూరడం ఎంత మాత్రం తగదు. అంత ఎత్తున కూర్చున్న డ్రైవరుకు తన ఎడమ పక్కన, ముందు చక్రానికి దగ్గరలో ఉన్న బండి కనిపించదు. ఒక సులువైన గుర్తు ఉంది. బస్సు అద్దంలో డ్రైవరు ముఖం మనకు కనబడకపోతే మనం కూడా అతనికి కనబడటం లేదని అర్థం. ఒక్క క్షణం ఆగి బస్సు వెనుకే ఉండిపోవడం అవమానం కాదు.

మూడవది, తలుపు. ఆగి ఉన్న కార్ల వరుస పక్కన పోయేటప్పుడు ఒక తలుపు పూర్తిగా తెరుచుకునేంత దూరం విడిచి నడపాలి. అప్పుడే ఆగిన కారు, అద్దంలో కదిలే తల, ఆరిపోయిన ఎర్ర దీపం – ఇవి తలుపు తెరుచుకోబోతున్నదని చెప్పే ఆనవాళ్ళు. ఆ రోజు నేను చూసీ చూడని ఆనవాళ్ళు ఇవే.

నాలుగవది, కూడలి. మనకు పచ్చ దీపం వెలిగినంత మాత్రాన దారి ఖాళీ అయిందని కాదు. ఎదురుగా వచ్చి కుడివైపు తిరిగే వాహనదారుని చూపు మన వైపే ఉన్నా, మనసు వేరేచోట ఉండవచ్చు. అతని ముఖాన్ని నమ్మకండి, అతని ముందు చక్రాన్ని గమనించండి. బండి కదిలే సంగతి అన్నింటికన్నా ముందు చక్రమే చెబుతుంది.

ఐదవది, ఫోను చూస్తున్న డ్రైవరు. అతన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. వాహనం ఒకసారి అటు, ఒకసారి ఇటు ఒరుగుతుంది. సిగ్నలు పడ్డా కదలదు, తల కిందికి వంగి ఉంటుంది. అటువంటి వాహనం పక్కన పోకండి, దాన్ని దాటే తొందరా పడకండి. వెనక్కి తగ్గి దాన్ని సాగిపోనివ్వండి.

ఆరవది, ఎడం. ముందున్న వాహనం అకస్మాత్తుగా ఆగితే ఆగగలిగే దూరం మనకు ఉండాలి. కనీసం రెండు సెకన్ల ఎడం ఉండాలని వాహన శిక్షకులు చెబుతారు. దీనికి గడియారం అక్కరలేదు. ముందున్న వాహనం ఒక మెట్రో స్తంభాన్ని దాటగానే తొందర లేకుండా రెండుసార్లు సుబ్హానల్లాహ్ అనండి. అది పూర్తి కాకముందే మీరు ఆ స్తంభాన్ని చేరితే మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. వర్షం పడుతుంటే నాలుగుసార్లు అనండి. ఏమరుపాటుకు విరుగుడు జిక్ర్ అని మన పెద్దలు చెబుతూ వచ్చారు. ఇక్కడ నాలుక మీది జిక్ర్ కంటినీ చేతినీ కూడా మేల్కొలుపుతుంది.

ఏడవది, కనిపించడం. మగ్రిబ్ వేళ వెలుగు మసకబారుతుంది. మన వెనుక దీపం, బ్రేకు దీపం, ఇండికేటర్లు పనిచేస్తున్నాయా అని వారానికి ఒకసారైనా చూసుకోవాలి. శుక్రవారం గుసుల్ చేసి, శుభ్రమైన దుస్తులు ధరించి వస్తున్నాం కదా, ఆ ఉదయమే ఒక్క నిమిషం బండిని కూడా పరీక్షించుకుందాం. నల్లని బురఖా ధరించి బండిపై వెళ్ళే సోదరీమణులు చీకటి పడ్డాక ముదురు రంగు వెనుకవారికి ఆనదని గుర్తుంచుకోవాలి. హెల్మెట్టుకూ, సంచికీ వెలుతురు పడితే మెరిసే పట్టీ అంటించుకోవచ్చు. బురఖా అంచు, దుపట్టా చెంగు చక్రంలో చిక్కుకోకుండా చూసుకోవాలి. వెనుక చక్రానికి సగమైనా కప్పే రక్షణ కవచం ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 123వ నియమం చెబుతోంది. కొందరు బండి అందం కోసం దాన్ని తీసేయిస్తున్నారు. అమ్మీనో, భార్యనో వెనుక కూర్చోబెట్టుకునే బండికి అదే అందం.

చివరిది, హెల్మెట్టు. నాణ్యమైన హెల్మెట్టు మరణ ముప్పును 42 శాతం, తల గాయాల ముప్పును 69 శాతం తగ్గిస్తుందని పలు అధ్యయనాలను క్రోడీకరించిన కాక్రేన్ సమీక్ష తేల్చింది. దాని మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ బిగించని హెల్మెట్టు దెబ్బ తగలకముందే ఎగిరిపోతుంది. 2022లో హెల్మెట్టు లేక మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. వెనుక కూర్చున్న మనిషి తల కూడా అల్లాహ్ సృష్టించిన తలే కదా!

మనమే ఆ ఏమరుపాటు మనిషి

సోదరులారా! ఇంతవరకు ఇతరుల ఏమరుపాటు నుంచి తప్పించుకోవడం గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు అద్దం మన వైపు తిప్పుకుందాం. మనం ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెట్ల నీడల రోడ్లలోకి మళ్ళామనుకోండి. ఉదయం నడకకు వచ్చిన వృద్ధులు, పుస్తకాలు పట్టుకుని హాస్టలు నుంచి ఆర్ట్స్ కళాశాలకు నడిచే విద్యార్థులు ఎదురవుతారు. మెట్టుగూడ రోడ్డులో బస్సు ముందు మనం బలహీనులం. ఇక్కడ పాదచారి ముందు మనమే బస్సు. హెల్మెట్టు లోపలికి ఫోను దోపుకుని మాట్లాడుతూ పోయే ఆ మనిషి మనం కాదని చెప్పగలమా?

దారి హక్కుల గురించి బుఖారీ, ముస్లిం గ్రంథాలలో హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన హదీసు మీకు తెలిసినదే. చూపును నియంత్రించుకోవడం, ఇతరులకు హాని కలిగించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం అనేవి దారి హక్కులని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. దారిలో కూర్చున్నవారికే ఇన్ని బాధ్యతలుంటే, అదే దారిలో వంద కిలోలకు మించిన ఇనుప యంత్రాన్ని నడిపించేవారికి ఎన్ని బాధ్యతలుండాలి?

ఏమరుపాటుగా నడిపినవాడు, నేను కావాలని చేయలేదు అని తప్పించుకోలేడు. సూరా అన్ నిసా 92వ ఆయతును చూడండి. పొరపాటున జరిగిన హత్యకు కూడా అల్లాహ్ రక్త పరిహారాన్ని, ప్రాయశ్చిత్తాన్ని విధించాడు. బానిసకు విముక్తి కలిగించే స్తోమత లేనివాడు ఎడతెగకుండా రెండు నెలలు ఉపవాసాలు పాటించాలి. ఉద్దేశం లేకపోయినా ప్రాణం పోయింది. ప్రాణానికి విలువ ఉంది. ఒక్క సందేశం చదివిన రెండు సెకన్లకు రెండు నెలల ఉపవాసాలు! ఈ లెక్క మనసుకు పట్టినవాడి చేయి బండి మీద ఫోను వైపు వెళ్ళదు.

నేను చెప్పవలసింది చెప్పాను. నా కొరకు, మీ కొరకు, సకల విశ్వాసుల కొరకు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకుంటున్నాను. మీరూ వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు కలుగుగాక!

సోదరులారా! మన సంఘంగా సరిదిద్దుకోవలసిన కొన్ని విషయాలు చెప్పి ముగిస్తాను.

మొదటిది తొందర. ఖుత్బా అందదని జుమా రోజున, ఇఫ్తారు వేళ మించిపోతుందని రమజానులో మనవాళ్ళు బండ్లను ఎలా పరుగెత్తిస్తారో అందరికీ తెలుసు. నమాజు కోసం పరుగెత్తుకు రావద్దనీ, ప్రశాంతంగా నడిచి రమ్మనీ, దొరికినంత భాగం సామూహికంగా చేసి మిగిలినది పూర్తి చేసుకొమ్మనీ దైవప్రవక్త (సఅసం) ఆదేశించారు. హజ్ సమయంలో అరఫాత్ నుంచి మరలుతున్నప్పుడు వెనుక జనం ఒంటెలను అదిలిస్తూ అరుస్తుంటే, ఆయన నెమ్మది వహించమని సైగ చేసి, పుణ్యం పరుగులో లేదని తెలియజేశారు. అదే ప్రయాణాన్ని వివరిస్తూ హజ్రత్ ఉసామా (రజి), ఆయన జనసమ్మర్దంలో మధ్యస్థంగా సాగేవారనీ, ఖాళీ జాగా దొరికినప్పుడు కొంత వేగం పెంచేవారనీ చెప్పారు. రద్దీలో బండి నడిపేవారికి ఇంతకంటే మంచి పాఠం ఏముంది?

రెండవది కోపం. ఒకడు ఏమరుపాటుగా మనకు అడ్డం వచ్చాడు, అల్లాహ్ కాపాడాడు. ఆ మరుక్షణమే అతన్ని వెంబడించి తిట్టడం, బండి అడ్డం పెట్టడం కాపాడిన అల్లాహ్‌కు కృతజ్ఞత అవుతుందా? కరుణామయుని దాసులు భూమిపై వినమ్రంగా నడుస్తారనీ, అజ్ఞానులు వాదానికి దిగితే శాంతి పలికి తప్పుకుంటారనీ సూరా అల్ ఫుర్ఖాన్ 63వ ఆయతు చెబుతోంది. కోపంతో ఊగుతున్న మనసు తరువాతి కూడలిలో తానే ఏమరుతుంది.

మూడవది మన పిల్లలు. షబె బరాత్, షబె మేరాజ్ రాత్రులలో మన యువకులు కొందరు ముగ్గురేసి ఒక బండి మీద విన్యాసాలు చేస్తుండగా, పోలీసులు నగరంలోని ఫ్లైఓవర్లను మూసివేయవలసి వస్తోంది. దుఆ చేయవలసిన రాత్రి తల్లులకు దుఃఖాన్ని మిగల్చకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బాలుడు వాహనం నడిపి నేరం చేస్తే తండ్రికో, వాహన యజమానికో మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా ఉంటుంది. కాని జైలు కంటే పెద్ద భయం మరొకటి ఉంది. ప్రతి ఒక్కరూ కాపరులేననీ, తమ మంద గురించి ప్రశ్నించబడతారనీ దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. పదో తరగతి పాసైనందుకు కొడుకు చేతిలో తాళంచెవి పెట్టిన తండ్రి రేపు ఆ ప్రశ్నకు ఏం జవాబు చెబుతాడు?

ఇంటింటికీ ఆహారం, సరుకులు చేరవేసి బతుకు సాగించే యువకులు మన మధ్యే ఉన్నారు. వారి ఫోను బండి హ్యాండిలు మీదే వెలుగుతూ ఉంటుంది. తమ్ముడూ, దారి చూసుకోవాలంటే పక్కకు ఆగి చూసుకో. నీ ఉపాధి అల్లాహ్ చేతిలో ఉంది, ఆ గడియారం చేతిలో లేదు. వారి కోసం ఎదురుచూసే మనకూ ఒక మాట. పది నిమిషాలు ఆలస్యమైందని ఆ బిడ్డను గద్దించకండి. మన తొందరే అతని వేగం అవుతుంది.

నాలుగవది మన మసీదు గుమ్మం. జుమా వేళ బండ్లను రోడ్డు మీదికి అడ్డదిడ్డంగా నిలిపి లోపల మొదటి వరుసలో కూర్చుంటే ఎలా? దారి తప్పుకోలేక అటుగా పోయే వాహనదారు హఠాత్తుగా పక్కకు తిప్పితే ప్రమాదం జరగవచ్చు. ప్రయాణంలో రాత్రి విడిది చేసేటప్పుడు కూడా దారికి అడ్డం లేకుండా పక్కకు తప్పుకోవాలని దైవప్రవక్త (సఅసం) నేర్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. దారిలోంచి బాధ కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక శాఖ. ఆ వస్తువు మన బండే కాకుండా చూసుకుందాం.

ట్రాఫిక్ నియమాలు ప్రభుత్వానివి కదా, వాటికీ దీన్‌కూ ఏమి సంబంధమని అడిగేవారికి ఒక సమాధానం. 1993 జూన్‌లో బ్రునైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీయ ఫిఖ్హ్ అకాడమీ, షరీఅత్‌కు విరుద్ధం కాని రహదారి నియమాలను పాటించడం విధి అని తీర్మానించింది. ప్రజల ప్రాణాలను కాపాడే ఏర్పాటు కాబట్టి అది ధర్మ పరిధిలోనిదే.

చివరిగా, దారిలో ఎవరైనా గాయపడి కనిపిస్తే మనకెందుకని తప్పుకుపోకండి. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు యావత్తు మానవాళిని కాపాడినట్లేనని సూరా అల్ మాయిద 32వ ఆయతు తెలియజేస్తోంది. అతను ఏ మతం వాడని ఆ ఆయతు అడగలేదు. 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ సేవ నేటికీ మన పిలుపు దూరంలోనే ఉంది. గాయపడినవారికి సహాయం చేసినవారిని వేధించరాదని సుప్రీంకోర్టు 2016లో మార్గదర్శకాలను ఆమోదించింది. 2019 సవరణతో 134ఏ సెక్షను వారికి చట్టరక్షణ కల్పించింది. ఊపిరాడేలా చూడండి, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి, మెడ కదపకండి. ఊపిరి ఆగిపోతే తప్ప తొందరపడి హెల్మెట్టు లాగకండి.

సోదరులారా! మసీదు నుంచి బయటికి వెళ్ళి బండి ఎక్కగానే ప్రయాణ దుఆ చదువుదాం. మన శక్తికి మించిన ఈ వాహనాన్ని మనకు వశపరచిన ప్రభువు పరిశుద్ధుడనీ, చివరికి మనం ఆయన వైపుకే మరలిపోతామనీ ఆ దుఆ మనకు గుర్తు చేస్తుంది. మరలిపోవడం ఖాయం. కాని ఆ మరలింపు మన అజాగ్రత్త వల్ల గానీ, మన చేతుల్లో మరొకరి ప్రాణం పోవడం వల్ల గానీ జరగకూడదు. దుఆ చదివి, పట్టీ బిగించి, వెనక్కి ఒకసారి చూసి, అప్పుడు బయలుదేరుదాం.

ఓ అల్లాహ్! ఇంటి నుంచి బయలుదేరిన మా బిడ్డలను క్షేమంగా ఇంటికి చేర్చు. మా కళ్ళకు మెలకువను, మా మనసులకు నిదానాన్ని ప్రసాదించు. మా ఏమరుపాటు వల్ల ఏ ఇంటికీ దుఃఖం కలగకుండా కాపాడు. రహదారులపై ప్రాణాలు కోల్పోయిన విశ్వాసులను మన్నించు, వారి అనాథలకు నీవే అండగా ఉండు. ఆసుపత్రుల్లో ఉన్న క్షతగాత్రులకు స్వస్థత కలిగించు. ఓ అల్లాహ్! మా తల్లిదండ్రులను, మా గురువులను, సకల విశ్వాసులను క్షమించు. మా ఊరికి, మా దేశానికి శాంతి భద్రతలు ప్రసాదించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.

లేవండి, వరుసలు సరిచేసుకోండి. నమాజు స్థాపించుదాం.